రొంబౌట్ ముద్ర వేసిన ఊయల

దీస్త్, 1491 అక్టోబరు, పునీత దెనిస్ పండుగ రోజు

మెఖెలెన్‌లో ఉన్న నా బంగారు తల్లి ఓదాకు దీస్త్ నుంచి నాన్న గీలిస్ రాయునది.

మగపిల్లాడు. నా పేరు పెట్టావు. ఈ రెండు ముక్కలూ ముందు రాసేసుకుంటే గాని చెయ్యి నిలవలేదు. పడవ హుబ్రెక్ట్ నీ ఉత్తరం పట్టుకొచ్చి గుమ్మంలో మాట్లాడకుండా నిలబడేసరికి చెడు కబురేమోనని అక్కడికక్కడే కూలబడ్డాను. వాడేమో మెట్లెక్కి ఆయాసపడుతున్నాడంతే. మఠం అక్క కతెలైన్ చేత నాలుగుసార్లు చదివించుకున్నాను. నాకు చదువు రాక కాదే, ఆ మాట ఇంకొకరి నోట వినాలని. నాలుగోసారికి ఆవిడ "గీలిస్, ఎన్నిసార్లు చదివినా ఇందులో ఇంకో పిల్లాడు పుట్టడయ్యా" అంది.

వీధి వీధంతటికీ బీరు పోయించాను. తాగనివాళ్ళు కూడా తాగారు. పోయిన మార్చిలో నీ మొగుణ్ణి మట్టిలో పెట్టిన దగ్గర్నుంచి ముద్ద దిగితే ఒట్టు. కడుపుతో ఉన్నదానివి, ఆ వడ్రంగి పనిశాలలో ఒక్కదానివి, ఎట్లా ఈదుతావో అని. ఇవాళ రెండు గిన్నెల బఠాణీ జావ తాగి, మూడోది అడిగాను.

ఇప్పుడు అసలు సంగతి. అటక మీద ఓక్ పలకలున్నాయి నా దగ్గర. పద్దెనిమిదేళ్ళ కిందట చీల్పించి ఆరబెట్టినవి, రాయిలా ఉన్నాయి. నా శవపేటికకని దాచుకున్నాను. నన్ను ఏ దేవదారు పెట్టెలో పెట్టినా నేను లేచి అడగబోను గనక, వాటితో నా మనవడికి తొట్టి ఊయల చేస్తున్నాను. పక్క పలకలకి మడతబట్ట చెక్కడం, ఉతికిన దుప్పటి మడతలు పెట్టి నిలబెట్టినట్టు. తల దగ్గర చర్చి కిటికీలో రాతి అల్లిక ఉంటుందే, అదీ. వద్దని రాయకు. ఇప్పటికే చిత్రిక పట్టడం మొదలైంది.

పిల్లాడి అరికాళ్ళు నా తరఫున ముద్దుపెట్టుకో.

నీ నాన్న, చిన్న గీలిస్‌కి పెద్ద గీలిస్

*

మెఖెలెన్, పునీత లూకా పండుగ రోజు

నాన్నకు ఓదా నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వి చాలా రోజులైంది. పిల్లాడు పాలు బాగా తాగుతున్నాడు, రాత్రి పగలు తేడా తెలియదు, గొంతు మాత్రం నీదే.

నాన్నా, ఊయల వద్దు. పిల్లాడికి బుట్ట ఉంది, అది చాలు. ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకోకుండా విను. మా ఆయన రొంబౌట్ పోయిన నాటి నుంచి ఏడాది మీద ఒక రోజు వరకే, సామాను మీద కొట్టే అతని మేస్త్రి ముద్ర నా చేతిలో ఉంటుంది. మార్చి పదమూడున వడ్రంగుల సంఘం పెద్దలు కూర్చుంటారు. నా మీద ఏ ఫిర్యాదూ లేకపోతే, పిల్లాడు ఎదిగేదాకా పనిశాల నడుపుకోమంటారు. ఒక్క ఫిర్యాదు నిలబడితే ముద్ర లాక్కుని తలుపుకి తాళం వేస్తారు. ఆ తరవాత నేనూ వీడూ ఎక్కడికి పోతామో నాకు తెలియదు.

మన గోడ పక్క కొన్‌రాట్ మేస్త్రి ఆ రోజు కోసమే కాచుకుని ఉన్నాడు. మన పనిశాల కలుపుకుంటే అతనికి వీధి మలుపు దాకా వస్తుంది. మొన్న మా పనివాడు లేనార్ట్‌ని ఆపి, "ఆడదాని దగ్గర ఎన్నాళ్ళు చీలలు చెక్కుతావురా" అన్నాడట. బయటి ఊళ్ళలో చేసిన చెక్క సామాను ఊరి గేటు దాటి రాకూడదని సంఘం గట్టిగా ఉంది. నువ్వు పంపేది దేని కిందికి వస్తుందో నాకు భయం.

ఇంకోటి. అక్షరాలు ఇంతింత రాస్తున్నావేం నాన్నా? ఒక వరసకి మూడు మాటలు పట్టడం లేదు. కాగితం అంత చవకా మీ ఊళ్ళో?

ఓదా

*

దీస్త్, పునీత మార్టిన్ పండుగ మర్నాడు

ఓదా తల్లికి నాన్న రాయునది.

అక్షరాలు పెద్దవైతే ప్రేమ పెద్దదని అనుకోవాలి గాని లెక్కలు అడుగుతావా. ఇక్కడ పందిని కోశారు, ఇల్లంతా పేగుల వాసన. ఆ వాసనలోనే ఆఖరి మెరుగు పెట్టాను. ఊయల అయిపోయింది తల్లీ. నిన్న హుబ్రెక్ట్ పడవ ఎక్కించాను. గడ్డి చుట్టి, పాత దుప్పటి కప్పి, రాజుగారి శవంలా పంపాను. వాడు "ఇందులో ఎవరున్నారు" అంటే "ఇంకా ఎవరూ లేరురా, ముందు నువ్వు జాగ్రత్తగా తీసుకెళ్ళు" అన్నాను.

ఓదా, ఈ చేతులు నావేనా అనిపించింది. మడత మీద బొటనవేలు పెట్టి జారిస్తే అడుగు దాకా ఆగకుండా పోతుంది. పలకల్ని చట్రం గాడిలో వదులుగానే ఉంచాను, తడికీ ఎండకీ అవి ఊపిరి పీల్చుకోవాలి కదా. నీ చిన్నప్పుడు నేర్పాను, బిగించి జిగురు పెట్టినవాడి పలక ఏడాదికి పగులుతుందని. అవిసె నూనె మూడు పూతలు వేశాను.

గేటు దగ్గర ఆపుతారని భయపడ్డావు. మీ నాన్న అంత తెలివితక్కువవాడా? దానికి ఉపాయం చేశాను. ఊయల అడుగున చూసుకో, నీకే తెలుస్తుంది. ఎవడూ నోరెత్తడు. అది చూసి రొంబౌట్ పైనుంచి సంతోషిస్తాడు.

పిల్లాణ్ణి అందులో పడుకోబెట్టిన మొదటి రాత్రి ఎలా పడుకున్నాడో అన్నీ రాయి. కాళ్ళు ఎటు పెట్టాడో కూడా రాయి.

నాన్న

*

మెఖెలెన్, పునీత కత్తరీన పండుగ రోజు

నాన్నకు,

ఊయల ఊరు చేరింది. నేను సరిగా చూసుకోలేదు ఇంకా. గేటు నుంచే పెద్దలు సంఘం ఇంటికి తీసుకెళ్ళారు, అక్కడే ఉంచారు. అందరూ వచ్చి చూస్తున్నారు. కొన్‌రాట్ అయితే దాని చుట్టూనే తిరుగుతున్నాడు.

అడుగున రొంబౌట్ ముద్ర ఉందన్నారు. రెండు ఉలులు, మధ్యలో చేప. అది ఎలా వచ్చింది నాన్నా? నువ్వు చెక్కావా? ఎవరైనా చెక్కి పెట్టారా? నాకొక్కదానికే రాయి. ఇంకెవరికీ ఏమీ రాయకు, ఎవరితోనూ ఏమీ అనకు.

చలి ముదురుతోంది. ఛాతీకి ఉన్ని గుడ్డ కట్టుకో. పిల్లాడు బాగున్నాడు.

ఓదా

*

దీస్త్, పునీత నికొలాస్ పండుగ రోజు

తల్లీ ఓదా,

నాకు తెలుసు. నాకు తెలుసు అలా జరుగుతుందని. నీ ఉత్తరం రాకముందే హుబ్రెక్ట్ వచ్చి చెప్పాడు, "గీలిస్ తాతా, నీ ఊయల్ని సంఘం ఇంట్లో బల్ల మీద పెట్టారు, జనం విరగబడి చూస్తున్నారు" అని. నేను ఆ పూట తిండి తినలేదు, సంతోషానికి చోటు సరిపోక. మెఖెలెన్ మేస్త్రీలు. ప్రభువుల ఇళ్ళకి బీరువాలు చేసే మెఖెలెన్ మేస్త్రీలు, దీస్త్ ముసలాడి మడతబట్ట చూడ్డానికి వరస కట్టారు. ఆ కొన్‌రాట్ దాన్ని వదలడం లేదన్నావు చూడు, అక్కడ నాకు కళ్ళు చెమర్చాయి. పాపం, పనితెలిసిన మనిషి. మనమే అపార్థం చేసుకున్నాం.

ముద్ర నేనే చెక్కాను. పెళ్ళికి రొంబౌట్ నాకిచ్చిన పెట్టె మూత లోపల ఉంది కదా, దాని మీద వేలు పెట్టి ఆనవాలు పట్టుకుని అచ్చంగా దింపాను. బయటి ఊరిదని ఎవడైనా అంటే, ఇదిగో ఈ ఊరి ముద్రే అని చూపించు. అదే నా ఉపాయం.

ఎవరికీ ఏమీ రాయకు అన్నావు. ఆ ముక్క నా చెవిన పడేటప్పటికే ఒక ఉత్తరం వెళ్ళిపోయింది. సంఘం పెద్దలకి. వాళ్ళు నా మనవడి ఊయలకి అంత మర్యాద చేస్తుంటే నోరు మూసుకుని కూర్చోవడం బాగుండదు కదా. వందనాలు చెప్పి, మీకు నచ్చితే ఈస్టర్ లోపల ఇలాంటివి ఇంకో ఆరు చేసి మా అమ్మాయి పనిశాలకి పంపుతాను, అన్నిటికీ ఇదే ముద్ర ఉంటుంది అని రాశాను. నీ పనిశాలకి పేరొస్తుంది తల్లీ. పదమూడో తారీఖున వాళ్ళే నిన్ను కుర్చీ వేసి కూర్చోబెడతారు.

నాన్న

*

మెఖెలెన్, పునీత తోమా పండుగ రోజు

నాన్నా,

నీ ఉత్తరం పెద్దలకి అందింది. సంఘం ఇంట్లో నిలబెట్టి నాకు చదివి వినిపించారు. చదివింది కొన్‌రాట్. ఒక్కో ముక్క చప్పరించి చదివాడు. "ఇంకో ఆరు" దగ్గర ఆగి నా మొహం చూశాడు.

ఊయల్ని వాళ్ళు మెచ్చుకుని పెట్టుకోలేదు నాన్నా. పట్టుకున్నారు. దొంగ సరుకని పట్టుకున్నారు. నిన్ను బాధపెట్టడం ఇష్టం లేక "చూస్తున్నారు" అని రాశాను. అది నా తప్పు. తిన్నగా రాసి ఉంటే నువ్వు ఆ ఉత్తరం రాసేవాడివి కాదు.

వాళ్ళ మాట ఇది. దీస్త్‌లో చవగ్గా చేయించి, చచ్చిపోయిన మొగుడి ముద్ర కొట్టించి, ఓదా ఈ ఊళ్ళో అమ్ముకుంటోంది. ఊయల మొదటిది, వెనక ఆరు వస్తున్నాయి, ఆమె తండ్రే రాసిచ్చాడు. "మనవడికి తాత ఇచ్చిన కానుకండీ" అన్నాను. "కానుకైతే ఆయన ముద్ర ఉండాలి, లేదా ఏ ముద్రా ఉండకూడదు. దీస్త్‌లో ముప్ఫై ఏళ్ళు మేస్త్రిగా చేసినవాడికి సొంత ముద్ర లేదా?" అన్నారు.

దానికి నువ్వే జవాబు చెప్పు. నీ ముద్ర ఉండగా నా మొగుడి ముద్ర ఎందుకు చెక్కావు నాన్నా? ఎప్పుడైనా ఒక పని చేసేముందు ఒక్క నిమిషం ఆగుతావా? నీకు సంతోషం వస్తే ఊళ్ళో ఎవరూ నిలవలేరు, అమ్మ కూడా ఇదే అనేది.

ఫిర్యాదు రాసేశారు. విచారణ మార్చి పన్నెండున, పదమూడుకి ముందురోజు. లేనార్ట్ వేరే చోటు చూసుకుంటున్నాడు, నాకు చెప్పలేదు గాని పనిముట్లు నూనె రాసి చుట్టిపెట్టుకుంటున్నాడు. పిల్లాడు బుట్టలో పడుకుని నా వైపు చూసి నవ్వుతాడు. వాడికేం తెలుసు.

ఓదా

*

దీస్త్, ఫిబ్రవరి కొవ్వొత్తుల పండుగకి ముందు ఆదివారం

ఓదా,

నది గడ్డకట్టి పడవలు ఆగిపోయాయి. నీ ఉత్తరం నెల రోజులు ఎక్కడో మంచులో పడి ఉండి మొన్న చేరింది. ఈ ఉత్తరం ఉన్ని మోసుకుపోయే మనిషి నడిచి తెస్తున్నాడు. ఇందులో ఇంకో కాగితం మడిచి ఉంది, అది పెద్దలకి. అందులో రాసిందే నీకూ చెప్తున్నాను, ముందు నీకు చెప్పకుండా వాళ్ళకి చెప్పడం న్యాయం కాదు.

నాకు ముద్ర లేదు తల్లీ. రెండేళ్ళయింది.

అంతకుముందు నుంచే కళ్ళు మసకబారాయి. మనుషుల్ని నడకతో పోలుస్తున్నాను, ఎదురుగా ఉంటే మొహం తెలియదు. వెలుగుంటే కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది. నేను చేసిన ఒక పెట్టెలో తెల్లకర్ర దొరికింది. చేవ పక్కన ఆ తెల్ల పొర ఉంటుందే, పురుగు ముందు దాన్నే తింటుంది, అందుకే ఏ సంఘమూ ఒప్పుకోదు. మడత లోతు వేలికి తెలుస్తుంది, అంచు వాడి వేలికి తెలుస్తుంది. రంగు వేలికి తెలియదు. మా సంఘం పెద్ద వచ్చి, తలుపు వేసి, "గీలిస్, ఇనుప ముద్ర ఇచ్చెయ్. నువ్వే మానుకున్నావని చెప్తాను, ఎక్కడా రాయను" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. పోయిన చలికాలం పోయాడు. కాబట్టి నేను చెప్పేది నిజమనడానికి ఎవరూ లేరు.

నీకు చెప్పలేదు. మేస్త్రి కూతురివని అనిపించుకుంటున్నావు కదా అక్కడ, ఎందుకు చెప్పడం అనుకున్నాను. నీ ఉత్తరాలు మొదట్నుంచీ కతెలైన్ అక్కే చదువుతోంది. రాసేది నేనే, అందుకే అక్షరాలు అలా ఉంటాయి.

నా ముద్ర వేయడానికి లేదు. ముద్ర లేకుండా పంపితే గేటు దగ్గర ఆపుతారనుకున్నాను. అందుకని రొంబౌట్‌ది పెట్టాను. ఉపాయం అని నీకు రాశాను గాని, అడుగున ఏ గుర్తూ లేని పనిని నా చేతుల్లోంచి పంపబుద్ధి కాలేదు, అదీ నిజం.

పెద్దలకి ఇలా రాశాను. "ఈ ఊయల గుడ్డివాడు చేసింది. నమ్మకపోతే దాన్ని తిప్పి, నూనె గీకి చూడండి. అందులో ఎక్కడో ఒక చోట తెల్లకర్ర ఉండి తీరుతుంది. ఎక్కడో నేను చెప్పలేను. అమ్మకానికి చేసేవాడెవడూ దాన్ని ఉండనివ్వడు. ఆరు చేస్తానన్నది సంతోషంలో వాగిన మాట, ఒకటి చేయడానికే నాకు అటక మీద పలకలు ఎవరో దింపిపెట్టాల్సి వచ్చింది."

ఇవ్వాలో వద్దో నీ ఇష్టం. ఇస్తే బాగుంటుంది.

నాన్న

*

మెఖెలెన్, మార్చి పదమూడు

నాన్నా,

ఇచ్చాను. ఇవ్వడానికి మూడు రోజులు పట్టింది. అంతా వరసగా రాస్తాను.

నీ కాగితం సంఘం పెద్దాయన మత్తైస్ చదివాడు, కొన్‌రాట్ చేతికి ఇవ్వలేదు. అయినా కొన్‌రాట్ ఊరుకోలేదు. "కళ్ళు లేనివాడు ఈ మడతలు చెక్కాడా? అయితే రేపట్నుంచి నేను కూడా గంతలు కట్టుకుని పనిచేస్తాను, నా పని బాగుపడుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. మత్తైస్ నవ్వలేదు. "వెతుకుదాం. తెల్లకర్ర ఉంటే ముసలాయన చెప్పింది నిజం, ఇది కానుక. లేకపోతే, అమ్మా ఓదా, ముద్ర ఈ బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్ళు" అన్నాడు. ముద్ర నా నడుముకి కట్టుకుని ఉన్నాను.

నలుగురు మేస్త్రీలు ఊయల్ని కిటికీ దగ్గరికి మోశారు. చర్చిలో తొమ్మిది గంటలు కొడుతుండగా మొదలుపెట్టారు. చిన్న కత్తులతో నూనె గీకుతూ, తడి గుడ్డతో తుడుస్తూ, ఒక్కో కర్రా. "తల పలక, చేవ. కాళ్ళ పలక, చేవ." నీ పని బాగుందని ఎవరైనా అంటే చిన్నప్పుడు నేను ఎగిరేదాన్ని. నిన్న నీ పనిలో తప్పు దొరకాలని పునీత యోసేపుకి కొవ్వొత్తి మొక్కుకున్నాను. ఆయనా వడ్రంగే, నన్ను క్షమిస్తాడో లేదో.

"కుడి పక్క, చేవ. ఎడమ పక్క, చేవ. నిలువు కర్రలు నాలుగూ, చేవ." కొన్‌రాట్ చేతులు కట్టుకుని, "గుడ్డివాడికి కర్ర ఎంచుకోవడం మనకంటే బాగా వచ్చు" అన్నాడు. నేను నడుము ముడి విప్పడం మొదలుపెట్టాను. పది గంటలు కొట్టారు.

అప్పుడు మత్తైస్ ఊయల్ని బోర్లించమన్నాడు. ఊగడానికి అడుగున రెండు వంపు కర్రలు ఉన్నాయి కదా, అందులో కుడివైపు దాని చివర, చట్రానికి ఆనే చోట, కత్తి మొన పెట్టి గీకాడు. బొటనవేలంత వెడల్పు. తెల్లగా. మళ్ళీ గీకాడు. పక్కవాణ్ణి పిలిచాడు. కొన్‌రాట్‌ని పిలిచి, "వంగు, వంగి చూడు" అన్నాడు. కొన్‌రాట్ వంగాడు. లేచి టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

తీర్పు ఇది. ఫిర్యాదు కొట్టేశారు. ఇవాళ పొద్దున పిల్లాడి పేరున పనిశాల నాకు రాసిచ్చారు, వాడికి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా. ఊయల మీది ముద్ర ఉలితో తీసేశారు. తెల్లకర్ర దొరికిన వంపు కర్రని నిబంధన ప్రకారం ఊడదీసి పొయ్యిలో పెట్టారు. ఊయల ఇంటికి వచ్చింది, కాని ఊగదు. నేల మీద పెట్టి, ఒక వైపు ఇటుక దోపాను. పిల్లాడు అందులో నిద్రపోతున్నాడు. కాళ్ళు తల వైపు పెట్టాడు.

లేనార్ట్ పనిముట్ల మూట విప్పాడు.

నాన్నా, తిట్టినదాన్ని నేనే. నాకు చెప్పి ఉండాల్సింది. రెండేళ్ళు.

ఓదా

*

దీస్త్, మరియమాతకి శుభవార్త చెప్పిన పండుగ రోజు

నా తల్లి ఓదాకు నాన్న రాయునది.

పనిశాల నిలిచింది. పిల్లాడు ఆ తొట్టిలో పడుకున్నాడు. నదిలో మంచు విరిగింది, చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. నేను వీధిలో ఎదురైన ప్రతివాడికీ చెప్పాను, ఎవరో సరిగా తెలియదు గాని చెప్పాను. నువ్వు తిట్టింది నాకు గుర్తు లేదు, నువ్వు కూడా మర్చిపో. దాచింది నేను. ఇంక దాచను, మా ఊళ్ళో కూడా అందరికీ చెప్పేశాను. కతెలైన్ అక్క "వాళ్ళకి ఎప్పట్నుంచో తెలుసయ్యా, నువ్వే గోడలకి దండాలు పెట్టుకుంటూ తిరుగుతున్నావు" అంది.

ఒక్క సంగతి నిజం రాయి. గంటసేపు వెతికారన్నావు. నలుగురు మెఖెలెన్ మేస్త్రీలు, కిటికీ వెలుగులో, కత్తులు పట్టుకుని. నిజంగా గంటేనా, ముసలాడి మనసు కోసం రాశావా? పలకలు ఒక్కటీ తప్పు లేదన్నారా? నాలుగు నిలువు కర్రలూనా? ఇప్పుడు గుర్తొస్తోంది, వంపు కర్ర చివర నా వేలికి ఆ రోజు కొంచెం మెత్తగా తగిలింది. మడతల దగ్గరికి పోవాలన్న తొందరలో పోనిచ్చాను. అది పోనివ్వకపోతే ఏమై ఉండేదో అనుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

కాలిపోయిన కర్రకి బదులు లేనార్ట్ చేత చేయించు. మంచి చేవ పెట్టమను, రొంబౌట్ ముద్ర నువ్వే వెయ్యి, ఇప్పుడది నీది.

ఈస్టర్ వెళ్ళాక హుబ్రెక్ట్ పడవలో నేను బయలుదేరుతున్నాను. పనిముట్లేమీ తేవడం లేదు. గేటు దగ్గర ఆపితే చేతులు చూపిస్తాను. పిల్లాడి మొహం వేళ్ళతో చూసుకోవాలి, నుదురు దగ్గర మొదలుపెట్టి మెల్లగా. ఏడిస్తే ఏడవనీ, మధ్యలో నా చేతిలోంచి తీసుకోకు.

నాన్న